కిటికీ పక్క టేబుల్

ఫిబ్రవరి 3, సోమవారం

తమ్ముడిలాంటి బస్సు డ్రైవర్‌కు శుక్రవారం గొట్టం తీసేశారు. టీచరమ్మకు డిసెంబరులోనే తీశారు. ఇక మిగిలింది నేనే.

ఆగస్టులో ముగ్గురం గొంతు ఆపరేషన్ వార్డులో పక్కపక్క మంచాల వాళ్లం. పొట్టకు గొట్టం, గొట్టంలోకి డబ్బా పాలు. రోడ్డుకు అవతల స్టీక్‌హౌస్, పెద్ద మాంసం ముక్కలు కాల్చి పెట్టే హోటల్. సాయంత్రం ఆరైతే చాలు, మాంసం కాలుతున్న వాసన కిటికీలోంచి వచ్చి మా దుప్పట్ల మీద కూర్చునేది. డ్రైవర్ ఆ హోటల్ మెనూ కాగితం ఎక్కడో సంపాదించి మంచం పైన అంటించుకున్నాడు. ఇవాళ ఏం తిందామక్కా అని రోజూ అడిగేవాడు. టీచరమ్మ హాజరు పిలుస్తున్నంత సీరియస్‌గా, నాకు స్టీక్, మీడియంగా కాల్చింది, పక్కన బంగాళాదుంప అని చెప్పేది.

అక్కడే ఒట్టు పెట్టుకున్నాం. ముగ్గురం నోటితో తినగలిగిన రోజున ఆ హోటల్లోనే, వార్డు కనబడే కిటికీ పక్క టేబుల్ దగ్గర. అప్పటిదాకా ఎవరూ ఆ గడప తొక్కకూడదు.

తొక్కలేదు. నా కోసం ఆగారు. అదే నాకు బరువు.

ఫిబ్రవరి 6, గురువారం

సూప్ తాగాను. అరకప్పు. దేవుడి దయ.

ఫిబ్రవరి 11, మంగళవారం

మింగడం నేర్పే థెరపిస్ట్ అమ్మాయి ఎక్స్‌రే చూపించింది. గొంతు బాగానే పనిచేస్తోందట. గోరంత ముక్క పెట్టుకోండి, ముప్ఫైసార్లు నమలండి, గడ్డం గుండెకు ఆనించండి, ఊపిరి బిగబట్టి మింగండి, మళ్లీ ఒకసారి ఉత్తినే మింగండి, అంతే మేడమ్ అంది. మార్చి పదిన డాక్టరు చూసేనాటికి గట్టి తిండి తినలేకపోతే గొట్టం ఇంకో ఆరు నెలలు ఉంచేస్తారని కూడా అంది.

ఇంటికొచ్చి బ్రెడ్ ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముప్ఫై అయింది. అరవై అయింది. అక్టోబరులో ముక్క అడ్డం పడి, ఊపిరాడక నేల మీద పడిపోయిన రోజు కళ్లముందు నిలిచింది. గుడ్డలోకి ఉమ్మేశాను.

గొంతుకు నయమైంది. భయానికి కాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళా ఉమ్మేశాను. ఎవరికీ చెప్పలేదు. పైవాడికి తెలుసు కదా.

ఫిబ్రవరి 20, గురువారం

డ్రైవర్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ తర్వాత అతని గొంతు తుప్పు పట్టిన హారన్‌లా ఉంది. ఒకటో తారీకు శనివారం, ఏడింటికి టేబుల్ బుక్ చేశానక్కా, రానన్నావంటే బస్సేసుకుని వచ్చి మరీ ఎక్కించుకుపోతా అన్నాడు. ఇంకో నెల ఆగమన్నాను. నువ్వు తినకపోతే మేమూ తినం, ముగ్గురం కూర్చుని మెనూ చదువుకుని వచ్చేద్దాం, మనకది అలవాటే కదా అన్నాడు.

నవ్వొచ్చింది. సరే అనేశాను. ఫోన్ పెట్టాక, కోస్తున్న గుడ్డ మడిచేసి కత్తెర పక్కన పెట్టేశాను. నేను కుట్టుపని మనిషిని. ఈ ఏడు నెలల్లో నా బట్టలే మూడుసార్లు సైజు తగ్గించి కుట్టుకున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

హోటల్ సంగతి చెప్పగానే చెల్లి ఇల్లెగిరిపోయేలా అరిచింది. నీకేమైనా పిచ్చా అక్కా, మెత్తగా రుబ్బి పోస్తున్నాను కదా, ఈ వయసులో మాంసం ముక్కతో పంతాలేంటి అని. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. ముద్ద మింగకపోతే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఇప్పుడు దాని వంతు. అరవనిచ్చాను.

అరిచి అరిచి, నేనూ వస్తా, ఫ్లాస్క్‌లో నీ తిండి తెస్తా అంది.

మార్చి 1, శనివారం, ఉదయం 5

ప్రార్థనకు కూర్చున్నాను. అడగడానికి మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను.

మార్చి 2, ఆదివారం

కిటికీ పక్క టేబులే. రోడ్డు అవతల, మూడో అంతస్తులో మా వార్డు. లైటు వెలుగుతోంది. టీచరమ్మ అటు చెయ్యి ఊపింది. ఎవరికమ్మా అంటే, మనకే అంది.

చెల్లి నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఫ్లాస్క్, మూత మీద చెయ్యి. బ్యాంకు కాపలావాడు తుపాకీ పట్టుకున్నట్టు.

ఇనుప పెనాల మీద స్టీక్‌లు చిటపటమంటూ వచ్చాయి. అలవాటు చొప్పున గ్రేవీ గిన్నె వాళ్ల వైపు జరిపాను. బుద్ధెరిగిన దగ్గర్నుంచి అందరికీ పెట్టాకే తిన్నదాన్ని. చల్లారిందే నా తిండి. డ్రైవర్ గిన్నె మళ్లీ నా ముందుకు తోశాడు. పెద్దక్క మింగేదాకా ఎవరూ ఫోర్క్ ముట్టరు, ఇది రూలు అన్నాడు. ఎవరు పెట్టారయ్యా అంటే, బస్సు నాది, నేనే పెట్టా అన్నాడు.

గోరంత ముక్క కోశాను. నమిలాను. టీచరమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ముప్ఫై. కళ్లు మూసుకుని గడ్డం గుండెకు ఆనించాను. నాకు తోడుగా వాళ్లిద్దరూ ఉత్త నోళ్లతోనే గడ్డాలు దించారు. వాళ్లను చూసి చెల్లీ దించింది.

సరిగ్గా అప్పుడే వడ్డించే ఆయన నీళ్ల జగ్గుతో వచ్చాడు. నలుగురం తలలు వంచి, కళ్లు మూసుకుని ఉన్నాం. ప్రార్థన అనుకున్నాడు పాపం. జగ్గు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడట. పక్క టేబుల్ వాళ్లకు ష్ అని సైగ చేశాడట. ఒంటికన్నుతో చూసిన చెల్లి తర్వాత చెప్పింది. నాకు తెలిసింది ఒక్కటే, హోటల్లో మోగుతున్న పాట ఆగిపోవడం.

మింగాను.

మళ్లీ ఒకసారి ఉత్తినే మింగాను. దగ్గు రాలేదు. వేడి గుండెల మీదుగా పొట్టలోకి దిగడం తెలిసింది. ఎన్నాళ్లకు!

తల ఎత్తి, దిగింది అన్నాను.

డ్రైవర్ తన గొంతు హారన్ మోగించాడు. టీచరమ్మ మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు కొట్టినట్టు చప్పట్లు కొట్టింది. ఇక నీళ్లు పోయొచ్చా అమ్మా అని ఆయన గుసగుసగా అడిగాడు.

రెండో ముక్కకు మళ్లీ తలలు వంచాం. ఆయన మళ్లీ ఆగాడు. ఆరో ముక్కకు ఆయన ముఖంలో భక్తి పోయి బెంగ వచ్చింది. మీ అంత భక్తిపరుల్ని నేనెక్కడా చూడలేదమ్మా, కానీ ముద్దముద్దకీ ఇలాగైతే స్టీక్ చల్లారిపోదూ అన్నాడు. నోట్లో ముక్క ఉండగా నవ్వితే మా ప్రాణం మీదికొస్తుంది. డ్రైవర్ బల్ల అంచు పట్టుకుని వణికిపోయాడు. మింగి నవ్వవయ్యా అని టీచరమ్మ గదమాయించింది.

ఆయనకు నిజం చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆయన అనుకున్నదీ అబద్ధం కాదు. పొద్దున నాకు రాని మాటలు ఇవే అయ్యుంటాయి. చల్లారనివ్వను బాబూ అని మాత్రం మాటిచ్చాను.

గంటన్నర పట్టింది. చెల్లి ఏమీ తినలేదు. నా గొంతే చూస్తూ కూర్చుంది. ఆఖరి ముక్క ఫోర్క్‌కు గుచ్చి దాని నోటికి అందించాను. గుటుక్కున మింగేసింది. ముప్ఫైసార్లు నమలాలే అన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఫ్లాస్క్ హోటల్లోనే మరిచిపోయి వచ్చాం. వెనక్కి వెళ్లలేదు.

మార్చి 10, సోమవారం

గొట్టం తీశారు. ఒక్క నిమిషం పని. గట్టి తిండి ఏదైనా మొదలుపెట్టారా మేడమ్ అని థెరపిస్ట్ అమ్మాయి అడిగింది. స్టీక్ అన్నాను. ఎవరి ప్లేటు అంది నమ్మలేక. నాదే అన్నాను.

మార్చి 12, బుధవారం

బట్టల కుట్లు విప్పి వదులు చేస్తున్నాను. ఈ పూట రాయాల్సింది చాలా ఉంది. కుదరదు. అన్నం వేడిగా ఉంది.