గురిగింజల తూకం

మెదక్,
26 అక్టోబరు 1948.

చిరంజీవి ఎలిశిబాకు,

దేవుని కాపుదలలో ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ అలాగే ఉండాలని కోరుతూ నీ బాపు రాయునది.

సికింద్రాబాదు బస్సులు మళ్లీ నడుస్తున్నాయి. బడి తెరిచాం. పిల్లలు సగం మందే వస్తున్నారు, మిగతావాళ్లు వరికోతల్లో ఉన్నారు.

నీ ఉత్తరం అందింది. పుస్తకంలో లేని దారిలో లెక్క చెప్పావని ట్రైనింగులో అందరి ముందు మందలించారనీ, టీచరు పని నీ వల్ల కాదనీ, వచ్చి తీసుకుపొమ్మనీ రాశావు. మీ అమ్మ వెంటనే నీ మంచం దులిపింది. నేను మాత్రం ఒక సంగతి చెప్పి, ఆపైన నీ ఇష్టానికి వదిలేస్తాను.

శుక్రవారం ఏడో తరగతికి ఒక వంకర చెలక చేను బొమ్మ ఇచ్చాను. పక్కన ఒక గుంట నేలకు గుర్తుగా చిన్న చదరం గీసి, చెలక ఎన్ని గుంటలో ఇంటి దగ్గర చేసుకురమ్మన్నాను. త్రిభుజాలుగా విడగొట్టి కొలవడం పుస్తకం పద్ధతి. కంసాలివాళ్ల బాలనర్సమ్మ ఒక్క గీతా గీయలేదు. నిన్న ఆ బొమ్మల కొలతకే కోసిన రెండు అట్ట ముక్కలు, వాళ్ల నాయన బంగారం తూచే చిన్న తరాజు పట్టుకొచ్చింది. ఒక ముక్క చెలక, ఒకటి గుంట. సార్ లెక్క జెయ్యమంటే ఇది దుకానం పెట్టింది అని యాకోబు నవ్వాడు. నువ్వు జర నోరు మూస్కో, నీ గాలికి తరాజు ఊగుతుంది అని గదిమింది. గుంట నాలుగు గురిగింజలు తూగింది, చెలక ఇరవై ఆరు. ఆరున్నర గుంటలు సార్ అన్నది. త్రిభుజాలతో నాకూ అంతే వచ్చింది.

అట్ట ఒకచోట మందం, ఒకచోట పలచన ఉంటే ఎట్లా అన్నాను. గందుకే రెండూ ఒక్క అట్టలనే కోసిన సార్ అన్నది. పూర్తి మార్కులు వేశాను.

పుస్తకం దారి ఒక్కటే తెలిసిన టీచరు చేతిలో పడితే ఆ పిల్ల ఏమవుతుందో ఆలోచించు. అయినా రమ్మంటే శనివారం బస్సుకు వస్తాను. ఏమీ అడగను.

ఆశీస్సులతో
నీ బాపు
జయానందం

తా.క.: ఉత్తరం మడుస్తుంటే బాలనర్సమ్మ తరాజు కోసం వచ్చింది. ఈ ఉపాయం ఎట్ల తోచిందని అడిగాను. నాది గాదు సార్, ఎలిశిబక్కది అన్నది. పోయిన నెల రజాకార్ల భయానికి వాడకట్టు పిల్లల్ని మన వెనక గదిలో దాచి, నేను వాకిట్లో కావలి కూర్చున్నాను కదా. లోపల నువ్వు పుల్లకు రెండు దొప్పలు కట్టి, ఒకే చెట్టు ఆకుల్లో ఏది పెద్దదో వాళ్లతో తూయించావట. నాకు ఒక్క ఏడుపూ వినబడలేదు. పడుకున్నారనుకున్నాను.

అక్క మా బడికి పంతులమ్మయి ఎప్పుడొస్తది సార్ అని అడిగి, పిల్ల ఇంకా గడపలోనే నిలబడి ఉంది. ఏం చెప్పమంటావు?