మారెన్ మామ్మ పిడుగురాయి

జూట్లాండ్, డెన్మార్క్
జులై, ఉరుముల వేళ

మ్యూజియం అధికారిణి గారి సముఖానికి,

ఇంటిమీద పిడుగు పడకుండా కాస్తుందని మా మారెన్ మామ్మ తన రెల్లుకప్పు కింద అరవై ఏళ్లు దాచుకున్న పిడుగురాయిని తెచ్చి తమకు అప్పగించిన బుద్ధిమంతుణ్ణి నేనే. అది అయిదు వేల ఏళ్లనాటి రాతిగొడ్డలి అని తమరు సెలవిచ్చారు. ఆ మాటే ఆమెకు విన్నవించాను.

"అరవై ఏళ్లలో ఈ ఇంటిమీద పిడుగు పడిందిట్రా?"

"లేదు మామ్మా."

"మరి గొడ్డలెలా అవుతుందిరా, చదువుకున్న సన్నాసీ!"

దీనికి జవాబు మా కాలేజీలో చెప్పలేదు. ఇప్పుడు మబ్బు పడితే చాలు, ఆమె ఇల్లు వదిలి కోళ్ల షెడ్డులో కూర్చుంటోంది. దగ్గు పట్టుకుంది. రాయి వస్తేగాని లోపలికి రాదట. ఉరుములు తగ్గేదాకా దాన్ని అరువివ్వగలరా?

ఉత్తరం మీది కోడి ఈకలకు మన్నించండి. నేనైనా ఇంట్లో కూర్చుని రాయొచ్చుగా అంటారేమో. ఎందుకు రాయలేదో నాకూ అర్థం కావడం లేదు.

విధేయుడు,
మారెన్ గారి మనవడు