కిటికీ కింద నీ అరచెయ్యి

లచ్చీ,

లక్సెట్టిపేటలో నువ్వు కోసిన ఇటుకలతో కట్టిన పాత దవాఖానను కూలగొట్టారు. పాత ఇటుకలు పారెయ్యొద్దని, కొత్త గోడలకే వాడాలని సర్కారు రూలు పెట్టింది. మేస్త్రీని నేనే.

నిన్న ఆ కుప్పలో నీ ఇటుక దొరికింది. బట్టీకి దిష్టి తగలకుండా చివరి పచ్చి ఇటుకకు అరచెయ్యి అద్దేదానివి కదా, అదే. ఎవరి కంటా పడొద్దని కిటికీ గట్టులో బోర్లా పెట్టి కట్టాను.

పొద్దున సున్నం కలిపే రాజవ్వ పిలిచింది.

"అన్నా, గీ చెయ్యి పైకెట్లొచ్చిందే? నిన్న నువ్వు బోర్లవెట్టినవ్ గదనే!"

చుట్టూ సున్నం చెదరలేదు. ఆ అచ్చులో నా చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

రేపు గట్టుకు పూత వెయ్యాలి. నువ్వు పోయిననాడు ఒకసారి నీమీద మట్టి కప్పినవాణ్ణి. మళ్ళీ కప్పడం నా వల్ల కాదు లచ్చీ.