పంతొమ్మిదో నంబరు బొమ్మలో నల్ల నీడ

డైరెక్టరు గారికి,
లోతు మెదడు చిత్రణ కేంద్రము, హైదరాబాదు.

అయ్యా,

విషయం: తమ కేంద్రములో ఏడు టెస్లాల ఎమ్మారై యంత్రముపై తీసిన పంతొమ్మిదో నంబరు మెదడు చిత్రములను కొట్టివేయవద్దని కోరుట గురించి.

సూచిక: "లోహపు నీడ పడినందున చిత్రములు పనికిరావు. వచ్చే నెల పదో తేదీన మళ్ళీ హాజరు కావలెను. కాని యెడల నంబరు తొలగించబడును" అని తమరు పంపిన ఉత్తరము.

బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల పని చేసుకొను షేక్ నిజాముద్దీన్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు పంతొమ్మిదో నంబరు నా భార్య నాగూర్ బీ. తమ ఉత్తరములో ఆమె పేరు ఎక్కడా లేదు. పేర్లు బయట పెట్టకూడదను నియమము మంచిదే, కాదనను. కానీ పోస్టుమాన్ ఆ ఉత్తరము ఇచ్చునాటికి ఆమె పోయి ఇరవై రెండు రోజులైనది. వణుకుడు జబ్బు ముదిరి, మింగుడు పడక, ఊపిరితిత్తులకు నెమ్ము చేసినది. కావున పదో తేదీన హాజరు కాజాలదు. ఇందులో ఆమె నిర్లక్ష్యము ఏమియు లేదని మనవి.

2. ఆమె ముప్పై ఏళ్ళు గాజులకు రాళ్ళు పొదిగిన మనిషి. జబ్బు వచ్చిన తర్వాత అన్నం ముద్ద కూడా నోటిదాకా వచ్చేది కాదు. తమ డాక్టరు శ్యామ్ సుందర్ గారు మాకు కాగితం మీద గీసి చెప్పినారు. మెదడు లోతున కందిగింజంత చోట్లు ఉంటాయట. మామూలు యంత్రంలో అవి అలుక్కుపోయినట్టు కనబడతాయట, ఈ పెద్ద అయస్కాంతంలో అంచులు తేటగా తెలుస్తాయట. అక్కడే నల్లని చోటు ఒకటి ఉంటుందనీ, ఈ జబ్బులో ఆ నలుపు వెలిసిపోతుందనీ అన్నారు. ఈ బొమ్మలు చూసుకుని రేపు ఇంకొకరి తలలో సరైన చోటికి సన్నని తీగ దించి వణుకు ఆపవచ్చునట. "మీకు మాత్రం దీనివల్ల ప్రయోజనం ఉండకపోవచ్చమ్మా" అని కూడా దాచకుండా చెప్పినారు. దానికి నాగూర్ బీ, "నా చేతులు ఎటూ ఎవరికీ పనికిరాకుండా పోయినాయండీ. తల అన్నా పనికొస్తుందేమో చూడండి" అన్నది. ఆమె కోరిక అదొక్కటే. ఈ అర్జీ కూడా అందుకే.

3. పరీక్ష నాడు ఆమె ఒంటిమీద లోహమేదియు లేదు. ముక్కుపుడక, కమ్మలు, తాయెత్తు నేనే తీసి సంచిలో వేసి, కాగితముపై సంతకము చేసినాను. నేను లోహముతో పని చేయువాడను. ఏది లోహమో ఏది కాదో నాకొకరు చెప్పనక్కరలేదు. నీడ తమ యంత్రములోని లోపము వలన పడి ఉండవచ్చును. విచారించగలరు.

4. ఆమె ఆ గొట్టంలో యాభై నిమిషాలు తల కదపకుండా పడుకున్నది. ఆరేళ్ళుగా నిలకడ ఎరుగని మనిషి అయ్యా. బయటికి వచ్చి, "మన పాలిషింగ్ డ్రమ్ము మోత కన్నా నయమే" అని నవ్వింది. ఎట్లా ఓర్చుకున్నావంటే, "రాయి పొదిగేటప్పుడు ఊపిరి బిగపడతాం చూడండి, అట్లాగే" అంది. ఆ కష్టమును పనికిరాదని కొట్టివేయుట న్యాయము కాదు.

కావున తమరు పెద్ద మనసుతో పై సంగతులు చిత్తగించవలెను. పంతొమ్మిదో నంబరును ఉన్నచోటనే ఉండనీయవలెను.

తమ విధేయుడు,
షేక్ నిజాముద్దీన్,
పంతొమ్మిదో నంబరు భర్త.

తా.క.: అయ్యా, కవరు అంటించబోయి ఆగాను. పైన మూడోది అబద్ధం. మీ మెషిన్‌కి ఏ లోపం లేదు.

నల్లపూసలు తీయాలనేసరికి ఆమె మొండికేసింది. మాలో అవి మొగుడు పోయినప్పుడే తీస్తారు. "మీరు ఎదురుగా నిలబడి ఉండగా, అవి లేకుండా ఆ గూట్లోకి నేను వెళ్ళనండి" అంది. నాలుగేళ్ళుగా ఆమెకు జడ వేసేది నేనే. అందుకని లోహపు తీగ లేకుండా ఆ నల్ల గాజుపూసలనే నూలుదారానికి గుచ్చి, జడ పాయల్లో కలిపి అల్లేశాను. అంతటితో ఆగినా బాగుండేది. గుండ్లు లేకపోతే దిష్టిపూసల్లా ఉంటాయని నడిమిన రెండు కవరింగు గుండ్లు వేశాను. వేసేముందు షాపులో అయస్కాంతం పెట్టి చూశాను. ఇత్తడి కదా, అంటుకోలేదు. చిన్న అయస్కాంతానికి పట్టనిది పెద్దదానికి మాత్రం ఏం పడుతుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

లోపలికి పంపేముందు ఒంటిమీద లోహం ఉందేమో చూసే మీ హారికమ్మని ఏమీ అనకండి. చేతి మెషిన్ జడ దగ్గర కూస్తే ఆ పిల్ల పిన్నులన్నీ తీసేసి, "ఇంకేం లేవు కదా మావయ్యగారూ?" అని నన్నడిగింది. లేవమ్మా అన్నాను. నాగూర్ బీ నా వంక చూసింది.

ఇందాక కవరు అంటించబోతుంటే ఒక సంగతి తట్టింది. నా గుండ్ల వల్ల వంకరపోయిన బొమ్మని నమ్మి, రేపు ఎవరి తలలోనో తీగ తప్పు చోట దించితే? వద్దండి. కొట్టేయండి పంతొమ్మిదో నంబరుని. ఆమె కోరిక చెడగొట్టింది మీరు కాదు, నేను.

కొట్టేసేముందు ఒక్క బొమ్మ నాకు పంపించండి. నీడ పడిందే పంపండి. కబరులోకి నగలు వెళ్ళకూడదని ఆమె పోయిన రోజున ఆ పూసలు నా చేత్తోనే తీశాను. ఆమె ఇంకా అవి పెట్టుకుని ఉన్నది ఆ బొమ్మలో ఒక్కదానిలోనే.