ఏడు వెబ్‌సైట్ల అప్పగింత

నలభై ఆరేళ్ళ వయసుండి, చిన్న దుకాణాలవాళ్ళకు వెబ్‌సైట్లు కట్టి నడిపే వృత్తిలో ఉన్న నేను, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, తెలివిలో ఉండి నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. మనసు స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. నాకే కాస్త అనుమానం. స్థిమితమైన మనిషి ఏడుగురి కష్టాన్ని తీసుకెళ్ళి మా మరిది చేతిలో పెడుతుందా? సోమవారం నాకు గుండె ఆపరేషన్. తిరిగొస్తే దీన్ని చించేస్తాను. రాకపోతే కింద రాసినట్టు జరగాలి. జరిపించే బాధ్యత మా చెల్లెలిది. అది లైబ్రరీలో పనిచేస్తుంది, కనపడని పుస్తకం దొరికేదాకా ఊరుకునే రకం కాదు.

1. ఇంట్లో నా సగభాగం సర్వహక్కులతో మావారికి. షరతు ఒక్కటే: నా పనిగదిని ఆయన తమ్ముడికి ఒక్క రోజుకైనా ఆఫీసుగా ఇవ్వకూడదు.

2. ఆ తమ్ముడి గురించి రాయక తప్పదు. అతను ఏదో పెద్ద కంపెనీ సర్వర్లో చోటు టోకున తీసుకుని చిల్లరగా అద్దెకిస్తాడు. "ఎన్ని సైట్లైనా పెట్టుకో వదినా, అన్‌లిమిటెడ్" అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో అతని పేరు అన్‌లిమిటెడే. పాడైతే ఫోన్ ఎవరెత్తుతారు, బ్యాకప్ ఎక్కడుంటుంది అని నేను అడగలేదు. ఇంటి మనిషిని అడిగితే ఏం బావుంటుందని మొహమాటం. అంత చదువూ ఆ మొహమాటం దగ్గర ఆగిపోయింది. ఏడు సైట్లనూ ఒకే ఖాతాలో కుక్కాను.

జూన్‌లో పూలకొట్టు సైట్లోకి ఎవడో దూరాడు. మధ్యలో గోడలు లేవు కదా, మిగతా ఆరింటిలోకీ తాపీగా నడిచివెళ్ళాడు. కుట్టుమాస్టారి సైట్లో చొక్కాలుండాల్సిన చోట జూదం ప్రకటనలు! ఆ సాయంత్రం మరిది మా ఇంట్లోనే భోజనానికి కూచున్నాడు. "కంపెనీకి ఫిర్యాదు టికెట్ పెట్టు వదినా, దేని పద్ధతి దానిదే" అన్నాడు, నేను వడ్డించింది నములుతూ. తొమ్మిది రోజులకు తెలిసిందేమిటంటే, బ్యాకప్ కూడా ఆ మెషీన్లోనే ఉందట, అదీ చెడిందట. మళ్ళీ మా ఇంట్లోనే భోంచేస్తూ ఆ మాట చెప్పి, అతను వేళ్ళు నాక్కున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే అసహ్యమేస్తుంది. నేను పెట్టిన ఇరవై ఏడు టికెట్లనూ ప్రింటు తీసి, అట్ట వేయించి, అతనికి దఖలు పరచాలి. నా ఆస్తిలో అతని వాటా అంతే.

3. రేడియో రిపేరు పెద్దాయనకు నా బల్లమీది భూతద్దం దీపం. ముప్పై ఏళ్ళుగా చేత్తో గీసుకున్న నాలుగువందల సర్క్యూట్ బొమ్మలు ఆయన సైట్లో ఉండేవి. నేరుగా సైట్లోకే ఎక్కించాం, వేరే కాపీ ఉంచలేదు. "ఎక్కాయిగా, ఇంకా ఈ చెదలు పట్టిన కాగితాలెందుకండీ" అన్నది నేనే. నా మాట విని పాతకాగితాలవాడికి వేసేశాడు. అన్నీ పోయాయని చెప్పడానికి వెళ్తే, టంకం పెట్టే వేడి కాడ పక్కన పెట్టి, "పోనీలేమ్మా, కొన్ని చేతికి గుర్తున్నాయి" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బావుండేది. ఇప్పటికి అరవై ఒకటి మళ్ళీ గీశాడు. చూపు ఆనడం లేదు.

4. ఇక సైట్లకు చోటు వెతకాల్సి వస్తే ఎలాగో చెల్లెలికి చెబుతున్నాను. వేగం, వంద శాతం హామీ, హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వే అమ్మాయి ఫొటో, ఇవేవీ చూడకు. ఒక ఉత్తుత్తి సైటు పెట్టు. మూడో రోజు నీ చేత్తో చెరిపెయ్. ఫోన్ చేసి, నిన్నటిది తిరిగి పెట్టమను. నేను ఐదు కంపెనీల్ని ఇలాగే పరీక్షించాను. మూడు చోట్ల టికెట్ పెట్టమన్నారు. నాలుగోవాడు "అసలెందుకు చెరిపారు మేడమ్?" అని నన్నే నిలదీశాడు. ఐదో చోట జలుబు గొంతుతో ఒకావిడ, "లైన్లోనే ఉండండి" అని, పావుగంటలో తెచ్చిపెట్టి, "మీరు చూసి సరే అన్నాకే ఫోన్ పెడతాను" అంది. ఇప్పుడు ఏడూ అక్కడే, ఏ ఖాతా దానిదే. కాపీలు ఇంకో కంపెనీలో ఒకటి, మా ఇంటి సొరుగులో ఒకటి. రేపు ఆవిడ ఉద్యోగం మానేస్తే? తెలీదు. అందుకే ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష పెట్టు.

5. ఏడు సైట్లనూ, వాటి డొమైన్లను, అంటే వెబ్ చిరునామాలనూ సర్వహక్కులతో మా చెల్లెలికి <s>రాసి ఇస్తున్నాను</s>.

పైన "రాసి ఇస్తున్నాను" అన్నదాన్ని కొట్టేసింది నేనే. జాబితా కోసం కాగితాలు తీస్తే, ఏడు చిరునామాలూ నా పేరు మీదే రిజిస్టరై ఉన్నాయి. కుట్టుమాస్టారి ఇంటిపేరుతో ఉన్న చిరునామాకు కూడా హక్కుదారు నేనే! "మీకెందుకండీ ఆ గొడవ, నేను చూసుకుంటాగా" అని ఏడుగురికీ చెప్పాను. సోమవారం నేను పోతే, గడువు ముగుస్తోందన్న ఉత్తరాలు నా మెయిల్‌కు వస్తూనే ఉంటాయి, చదివి డబ్బు కట్టేవాళ్ళుండరు, ఒక్కొక్క సైటే ఆగిపోతుంది. అన్‌లిమిటెడ్ కన్నా నేనెందులో నయమో ఎంత ఆలోచించినా తేలలేదు. ఈ అసహ్యంలో నా వాటా నాకుంది, దాన్ని ఎవరికీ రాసివ్వలేను.

6. కాబట్టి ఇవాళ పొద్దుట ఏడుగురినీ పిలిపించాను. వరసగా నా కుర్చీలో కూర్చోబెట్టి ఎవరి చిరునామా వాళ్ళ పేరుకు మార్పించాను. పాస్‌వర్డు కొడుతుంటే కిటికీవైపు తిరిగి నిలబడ్డాను. "ఇదేంటక్కా, మమ్మల్ని వదిలించుకుంటున్నావా?" అంది పూలకొట్టమ్మాయి. అవునన్నాను. చెల్లెలికి మిగిలింది పరీక్ష పెట్టే శ్రమ మాత్రమే. నా తదనంతరం పంచవలసిన సైట్లేవీ లేవు.

ఇది నేను రాసి, చదువుకుని, నవంబరు పద్నాలుగు, శుక్రవారం మధ్యాహ్నం నా పనిగదిలో చేసిన సంతకం:

(వెబ్‌సైట్లావిడ)

సాక్షులు:
1. కుట్టుమాస్టారు
2. పూలకొట్టమ్మాయి

లబ్ధిదారులు సాక్ష్యం పెట్టకూడదని ప్లీడరుగారు అడ్డు చెప్పారు. ఈ వీలునామా వల్ల వీళ్ళిద్దరికీ వచ్చేదేమీ లేదు. వాళ్ళవి వాళ్ళ దగ్గరే ఉన్నాయి.