బావగారి పెట్టె, నా తప్పుల పట్టిక

జనగామ,
20-9-2011

గౌరవనీయురాలైన విమలక్కకు తమ్ముడు లక్ష్మీకాంత్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. సమ్మె వలన జిరాక్సు షాపు సగం పూటే తెరుస్తున్నాను. నీవు అడిగిన విషయం వరుసగా చెబుతాను.

ఒకటి: కీర్తిశేషులు కిష్టయ్య బావగారు మహబూబాబాద్ దీక్షా శిబిరంలో పాడిన పాట ఆయన మెయిల్‌లో ఉంది. రెండు: ఆ మెయిల్ పాస్‌వర్డ్ నా షాపు సర్వర్‌లో ఉంది. మన ఇంటివాళ్ళ పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే, ఎవరి పెట్టెలో వారివి దాచాను. మూడు: బావగారి పెట్టె తెరిచే మాట ఆయన ఒక్కరికే తెలుసు. ఎవరికీ చెప్పవద్దని నియమం పెట్టింది నేనే. నాలుగు: తొమ్మిది నెలలు తెరవని మెయిల్‌ను కంపెనీవాళ్ళు తుడిచివేస్తారు. గడువు అక్టోబరు 20.

ఆ మాట ఏమై ఉంటుందో నీకు తోచింది వ్రాసి పంపు. ఫోనులో అయితే అక్షరాలు సరిగా వినబడవు. ఉత్తరమే మేలు. కవరు తప్పక అంటించు.

నీ తమ్ముడు,
లక్ష్మీకాంత్

తా.క.: సర్వర్ పాత కంప్యూటర్, ర్యామ్ 256 ఎంబీ మాత్రమే. అయినప్పటికీ, పెట్టె తెరుచుకోని ప్రతిసారీ తేదీ, సమయం, కారణం నమోదు చేసే పట్టికను అందులో అమర్చాను. పట్టిక చాలా చక్కగా కుదిరింది.

*

భూపాలపల్లి,
25-9-2011

తమ్ముడు లక్ష్మీకాంత్‌కు అక్క దీవెనలు.

పోస్టాఫీసుల కవర్లు అయిపోయినయట, కార్డే రాస్తున్న. బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్. లేకుంటె నేనే వస్తుంటి.

మీ బావ ఏం మాట పెడుతడు? డ్యూటీ దిగి గల్లి మలుపు తిరగంగనే ఒకటే కేక, "విమలా నీళ్ళు పెట్టు" అని. తానం చెయ్యంది ఇంట్ల అడుగు పెట్టకపోతుండె. గదే కొట్టు. ఆయన ఫోన్ల కొట్టినట్టే ఇంగ్లీషు అక్షరాలల్ల కింద రాసిన.

ఆ కేక ఇనక ఎనిమిది నెలలాయె. పాటనో, తిట్టో, ఏదైతేంది, ఆయన గొంతు ఒక్కపారి ఇనాలె.

మీ అక్క,
విమల

తా.క.: పోస్ట్‌మ్యాన్ ఆమెర్ కార్డు సదివి "గదే అయితది అక్కా, ఇంటికొచ్చిన మొగోడు ఇంకేం మాట్లాడుతడు" అన్నడు.

*

జనగామ,
30-9-2011

పూజ్యురాలైన అక్కకు నమస్కారాలు.

నీ కార్డు అందింది. నాకంటే ముందు కనీసం ఆరుగురికి అందింది. హోటల్ గంగి నన్ను చూసి "నీళ్ళు పెట్టాల్నా లక్ష్మీకాంతన్నా" అని అడుగుతున్నది.

అయినా ఆ మాట కొట్టి చూశాను. తెర మీద "తప్పు" అని వచ్చింది. ఆశ్చర్యం లేదు. మాటలో ఒక అంకె, ఒక గుర్తు ఉండాలని బావగారికి నియమాలు వ్రాసి ఇచ్చాను. ఆయన తల ఊపారు. కనుక నియమాల ప్రకారం ఆలోచించు. రోజుకు ఐదుసార్లే ప్రయత్నించవచ్చు. ఈ నియమమూ నాదే.

నీ తమ్ముడు,
లక్ష్మీకాంత్

తా.క.: ర్యామ్ చాలడం లేదని సర్వర్‌లో పంచాంగం, భజనపాటలు తీసివేశాను. పట్టికను మాత్రం ఉంచాను.

*

భూపాలపల్లి,
12-10-2011

తమ్మీ,

పెండ్లి తారీఖు, బాయి నంబరు, ఆయన సైకిల్ పేరు, అన్ని కలిపి పదిహేను రాసిన. అన్నిటికి అంకె పెట్టిన. గుర్తు ఏది పెట్టాలె అంటె ఆమెర్ చుక్క పెట్టుమన్నడు, పెట్టిన.

ఒకటి అడుగుత, నిజం చెప్పు. పెట్టె నువ్వెప్పుడో తెరిచినవు గద? గా పాటల ఏదో ఉన్నది, నేను ఏడుస్తనని దాస్తున్నవు. చిన్నప్పుడు నా వెండి గొలుసు పారేసి, ఎక్కడెక్కడ దేవులాడినవో నెల దినాలు లిస్టు రాసినవు. పారేసిన అని మాత్రం చెప్పలే.

మీ అక్క

తా.క.: నీ నియమాల కాగితం మీ బావ టిఫిన్ డబ్బ కింద మడత పెట్టిండు, పులుసు కారుతదని. మొన్న దొరికింది. మొదటి నియమమొక్కటే సదువస్తున్నది, "ఎవరికీ చెప్పవద్దు" అని. పాటించింది గూడ గదొక్కటే.

*

జనగామ,
19-10-2011

అక్కకు, తల వంచుకొని వ్రాస్తున్నాను.

గొలుసు పారేసింది నేనే. పెట్టె మాత్రం తెరవలేదు, ఇది నిజం. నీ పదిహేను మాటలూ మూడు రోజులు కొట్టాను. పదిహేనూ తప్పన్నది.

గడువుకు ఒక్క రోజు మిగిలింది. ఈ ఉదయం కరెంటు ఉన్న గంటసేపు, వేరే పని తోచక, నా పట్టికను మొదటిసారి చదివాను. కారణం గడిలో పదహారు చోట్లా ఒకే మాట ఉంది: "ర్యామ్ చాలలేదు." మాట సరైనదా కాదా అని సర్వర్ ఒక్కసారి కూడా చూడలేదు. ర్యామ్ చాలక ఆ పనిని మధ్యలోనే ఆపివేసింది. ఎందుకు ఆగినా "తప్పు" అని చూపమని ప్రోగ్రాము వ్రాసింది నేను. ఆ ర్యామ్ అంతా తింటున్నది పట్టికే.

పట్టికను తీసివేసి, నీ మొదటి కార్డులోని మాట కొట్టాను. తెరుచుకుంది. అంకె లేదు, గుర్తు లేదు.

పాట నిమిషం పది సెకన్లు. మధ్యలో రెండుసార్లు దగ్గారు. చివర ఎవరితోనో అంటున్నారు: "గిది మా లక్ష్మీకాంత్‌కు ఇనిపియ్యకుండ్రి, తప్పులు లెక్కవెట్టి కాగితం పంపుతడు." ఆ తరువాత నవ్వు. నవ్వులోనే ఆగిపోయింది.

సీడీలోకి ఎక్కించి, గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కవరు అంటించాను.

నీ తమ్ముడు,
లక్ష్మీకాంత్

తా.క.: పాటలో కొన్ని చోట్ల శ్రుతి తప్పింది. ఎన్ని చోట్లో వ్రాసుకోలేదు.