మొద్దుల చెరువుకు నల్ల ఎర

అల్ ఖూజ్, నవంబర్ 14, సోమవారం

ఇవాళ మా మేనేజర్, ఇక్కడి అరబ్బీ మాటలో ముదీర్, అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. షాపులో గాలాల సెక్షన్ నన్నే చూసుకోమన్నాడు, రేపు జవాబు చెప్పాలి.

అంతా ఒక అమెరికా కస్టమర్ వల్ల. పోయిన నెల సెలవుకి తన ఊరెళ్తూ అడిగాడు: చెరువు నీళ్లు టీ రంగులో ఉంటాయి, అడుగంతా చెట్ల మొద్దులే, బాస్ చేప పడాలంటే ఎలా? నేను మెరిసే ఎర తీయబోయాను. గోడౌన్ నుంచి పెట్టెలు మోసుకొచ్చిన మల్లన్న నా వెనక గొణిగాడు:

"మురికి నీళ్లల్ల మెరుపు కానరాదు బిడ్డా. నల్లది, సప్పుడు చేసేది ఇయ్యి. మొద్దుకు రాసుకుంట గుంజుమను. మా జగిత్యాల దిక్కు కొర్రమట్టను గట్లనే పడతం."

నేను దాన్నే ఇంగ్లీషులో చెప్పాను. మొన్న అతను ముదీర్‌కి పెద్ద చేప ఫోటో పంపాడు.

ఇవాళ ముదీర్ మెచ్చుకుంటుంటే నిజం చెప్పబోయాను, మల్లన్న వద్దని తల అడ్డంగా ఊపాడు. గోడౌన్ వాళ్లు అమ్మకాల్లో తలదూర్చకూడదని రూలు. తర్వాత అడిగితే, "ఖలాస్, ఊకో. నీకు చేప, నాకు నౌకరి," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అతన్ని కాపాడుతున్నానో, దోచుకుంటున్నానో తెలియడం లేదు. వద్దంటే ముదీర్ కారణం అడుగుతాడు. సరేనంటే, ఎల్లుండి నుంచి మల్లన్నకి పని చెప్పేది నేనే.